సెటిల్ చేసుకుంటే అప్పు తీరినట్టు కాదు

ప్రశ్న: పరవాడ ఫార్మా కంపెనీలో పనిచేస్తున్నా. నెలకు చేతికి రూ.42 వేలు వస్తాయి. ఇంటి ఖర్చు రూ.24 వేలు, బైక్ ఈఎంఐ రూ.4,800. అమ్మ ఆపరేషన్‌కు లోన్ యాప్‌లో రూ.40 వేలు తీసుకున్నా. వాయిదాలు తప్పి బాకీ రూ.52 వేలయింది. సెప్టెంబరు 18న రూ.31 వేలకు సెటిల్ చేసుకున్నా. వారమైనా సిబిల్ స్కోరు 618 దగ్గరే ఉంది. కూర్మన్నపాలెంలో ఫ్లాటు కోసం ఐదు బ్యాంకుల్లో దరఖాస్తు చేస్తే అన్నీ కాదన్నాయి. రూ.8 వేలిస్తే స్కోరు సరిచేయిస్తానని ఓ ఏజెంటు అంటున్నాడు. ఇవ్వొచ్చా? - ఓ పాఠకుడు, గాజువాక

జవాబు: ఇవ్వొద్దు. రూ.31 వేలు కట్టాను కాబట్టి అప్పు తీరిందని మీరు అనుకుంటున్నారు. ఈ పొరపాటు చాలామంది చేస్తున్నారు. మిగతా రూ.21 వేలు రాదని అప్పిచ్చిన సంస్థ వదిలేసుకుంది, అంతే. మీ అప్పుల చరిత్ర ఉండే క్రెడిట్ రిపోర్టులో ఆ ఖాతాకు ‘క్లోజ్డ్’ అని కాకుండా ‘సెటిల్డ్’ అని పడుతుంది. గృహరుణం ఇచ్చే బ్యాంకుకు 618 కంటే ఆ మాటే ఎక్కువ గుచ్చుకుంటుంది.

సిబిల్ తనంతట తానుగా మీ అప్పుల గురించి ఏమీ రాయదు. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హైమార్క్... అప్పుల చరిత్ర నమోదు చేసే ఈ నాలుగు బ్యూరోలకూ అప్పిచ్చినవాళ్లే లెక్కలు పంపాలి. 2025 జనవరి 1 నుంచి కనీసం పదిహేను రోజులకోసారి, అంటే 15వ తేదీ, నెలాఖరు నాటి లెక్కలు పంపాలన్నది ఆర్‌బీఐ నిబంధన. పంపడానికి సంస్థకు ఏడు రోజులు, ఎక్కించుకోవడానికి బ్యూరోకు ఐదు రోజులు. మీరు కట్టింది 18న. 15 నాటి లెక్కలో మీరింకా బాకీదారే. సెప్టెంబరు 30 నాటి లెక్క అక్టోబరు 7లోగా వెళ్లి, 12లోగా ఎక్కాలి. అప్పటిదాకా రోజూ స్కోరు చూసుకున్నా అంకె కదలదు. మీ రిపోర్టు మీరు చూసుకుంటే నష్టమేమీ లేదు గానీ, ఐదు బ్యాంకుల్లో పెట్టిన దరఖాస్తులు ఐదు ఎంక్వైరీలుగా నమోదవుతాయి. ఇక కొత్తవి పెట్టకండి.

అక్టోబరు 12 దాటాక పూర్తి రిపోర్టు తీయండి. ఒక్కో బ్యూరో ఏడాదికోసారి ఉచితంగా ఇవ్వాలి. అందులో యాప్ పేరు కనిపించకపోవచ్చు, దాని వెనక డబ్బిచ్చిన బ్యాంకేతర రుణ సంస్థ, అంటే ఎన్‌బీఎఫ్‌సీ పేరు చూడండి. సిబిల్ రిపోర్టులో ఖాతా కింద నెలకో గడి ఉంటుంది. ‘000’ అంటే బాకీ ఆలస్యం లేదు, ‘034’ అంటే 34 రోజులు ఆలస్యం. ‘ఎక్స్‌ఎక్స్‌ఎక్స్’ అని ఉంటే ఆ నెల సంస్థ లెక్క పంపలేదు. ఈ గడులు 36 నెలలవి. డబ్బు కట్టినా పాత అంకెలు చెరగవు, కొత్త సున్నాలు చేరేకొద్దీ వెనక్కి జరుగుతాయి.

మీవి కాని ఖాతాలున్నాయేమో కూడా చూడండి. మన వైపు అప్పలరాజులు వీధికిద్దరుంటారు. ఒకచోట ఇంటిపేరు పూర్తిగా, మరోచోట పొడి అక్షరంగా రాస్తే ఒకరి అప్పు ఇంకొకరి ఖాతాలో పడే ప్రమాదముంది. తప్పు కనిపిస్తే ఆ బ్యూరో సైట్‌లోనే ఫిర్యాదు చేయండి, రుసుము లేదు. బ్యూరో దాన్ని అప్పిచ్చిన సంస్థకు పంపుతుంది, సంస్థ ఒప్పుకుంటేనే మారుస్తుంది. 30 రోజుల్లో తేల్చకపోతే ఆపైన రోజుకు రూ.100 పరిహారం మీకు రావాలి. అప్పటికీ తేలకపోతే ఇలాంటి ఫిర్యాదులు విచారించే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్ ఉన్నారు. ఏజెంటు చేసేదీ ఇదే ఫారం నింపడం. నిజంగా జరిగిన ఆలస్యాన్ని అతనూ చెరపలేడు.

‘సెటిల్డ్’ పోవాలంటే ఆ రూ.21 వేలు కట్టేస్తానని ఎన్‌బీఎఫ్‌సీకి మెయిల్ పెట్టండి. ఖాతాను ‘క్లోజ్డ్’గా మార్చి నాలుగు బ్యూరోలకూ పంపుతామని వాళ్లు రాసిచ్చాకే డబ్బు కట్టండి. బాకీ ఏమీ లేదనే నో డ్యూస్ సర్టిఫికెట్ తీసుకోండి. దీనికోసం మాత్రం ఇంకో యాప్ తెరవకండి! ఒక యాప్ అప్పు తీర్చడానికి మరో యాప్ ఎక్కడమంటే పెనం మీంచి పొయ్యిలో పడటమే. మీకు నెలకు రూ.13,200 మిగులుతోంది, రెండు నెలలు చాలు.

అసలు లోటు స్కోరులో లేదు. ఆపరేషన్ నాడు బ్యాంకులో రూ.40 వేలు ఉండి ఉంటే ఈ కథే లేదు. అత్యవసర నిధి అనగానే ఇంటి ఖర్చే లెక్కేస్తారు, ఈఎంఐ మర్చిపోతారు. జీతం ఆగినా ఈఎంఐ ఆగదు, గడిలో అంకె పడేది దానివల్లే. మీకు నెలకు రూ.28,800 చొప్పున ఆరు నెలలకు రూ.1,72,800 కావాలి. బాకీ తీర్చిన తర్వాత మొత్తం మిగులూ ఇటే మళ్లించినా పదమూడు నెలలు పడుతుంది. జీతం పడే ఖాతాలో వద్దు, యూపీఐకి కలపని వేరే బ్యాంకు ఖాతాలో, కావాల్సినప్పుడు తీసుకునే వీలున్న స్వీప్ ఎఫ్‌డీగా పెట్టండి. రూ.5 వేలు నోట్ల రూపంలో ఇంట్లో ఉంచండి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చి కరెంటు పోయినప్పుడు ఏటీఎంలు ఏమయ్యాయో విశాఖ వాళ్లకు చెప్పనక్కర్లేదు.

అమ్మగారికి ఆరోగ్య బీమా ప్రీమియం ఎంతవుతుందో ఈ నెలలోనే కనుక్కోండి. బంగారం తాకట్టు పెట్టడం యాప్ అప్పు కంటే నయమే, కానీ అదీ అప్పే. ఫ్లాటు దరఖాస్తు పదిహేను నెలల తర్వాత, అదీ ఒక్క బ్యాంకులోనే పెట్టండి.