హైబర్నేట్‌లో పెడితే ల్యాప్‌టాప్ క్రాష్ అవుతోంది, ఏం చేయాలి?

ప్రశ్న: పర్లాకిమిడిలో ఉంటాం. కరెంటు పోయినప్పుడు విండోస్ 10 ల్యాప్‌టాప్‌ని హైబర్నేట్‌లో పెడితే ఒక్కోసారి నీలి తెర వస్తోంది, ఒక్కోసారి ఊరికే ఆగిపోతోంది. బరంపురం తీసుకెళ్లి చూపించాలా?

జవాబు: ఇప్పుడే అక్కర్లేదండి. హైబర్నేట్ అంటే ర్యామ్‌లో ఉన్నదాన్ని సి డ్రైవ్‌లోని హైబర్‌ఫిల్ డాట్ సిస్ అనే ఫైలులో రాసి, పవర్ ఆపేయడం. ఆ ఫైలు పాడైనా, ఏ డ్రైవరో (వైఫై, ప్రింటర్ లాంటివాటిని నడిపే సాఫ్ట్‌వేర్) మొండికేసినా క్రాషే.

ముందు ఫైలు సంగతి. స్టార్ట్‌లో సీఎండీ అని కొట్టి, వచ్చిన కమాండ్ ప్రాంప్ట్‌ని రైట్ క్లిక్‌తో అడ్మినిస్ట్రేటర్‌గా తెరవండి. పవర్‌సీఎఫ్‌జీ /హెచ్ ఆఫ్ అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టండి (స్లాష్‌కి ముందు, ఆఫ్‌కి ముందు ఖాళీ ఉండాలి). పాత ఫైలు పోతుంది. రీస్టార్ట్ చేసి, ఆఫ్ బదులు ఆన్ కొడితే కొత్తది తయారవుతుంది. మామూలుగా అది ర్యామ్‌లో 40 శాతం, అంటే 8 జీబీకి 3.2 జీబీ, సి డ్రైవ్‌లో ఆ మాత్రం చోటుండాలి.

మళ్లీ నీలి తెర వస్తే అందులో కనిపించే స్టాప్ కోడ్ (ఎర్రర్ పేరు) ఫోటో తీసుకోండి. డ్రైవర్ పవర్ స్టేట్ ఫెయిల్యూర్ అని ఉంటే ముందు వైఫై, గ్రాఫిక్స్ డ్రైవర్లు చూడండి. ల్యాప్‌టాప్ కంపెనీ సైట్లో మీ మోడల్‌వే దించుకోండి. డ్రైవర్ అప్‌డేటర్ అంటూ ఊరించే సాఫ్ట్‌వేర్ల జోలికి పోకండి. యూఎస్‌బీ డాంగిల్, ప్రింటర్ పీకేసి కూడా చూడండి.

నీలి తెర లేకుండా ఠక్కున ఆగిపోతే అనుమానం బ్యాటరీ మీదే. 5 శాతం దగ్గర హైబర్నేట్ మొదలైతే, రాయడం పూర్తికాకముందే పాత బ్యాటరీ చేతులెత్తేస్తుంది. పవర్ ఆప్షన్స్‌లో క్రిటికల్ బ్యాటరీ లెవెల్ 12కి పెంచండి. అదే సీఎండీలో పవర్‌సీఎఫ్‌జీ /బ్యాటరీరిపోర్ట్ కొడితే రిపోర్ట్ ఫైలు ఎక్కడుందో చూపిస్తుంది. దాన్ని తెరిచి చూస్తే ఫుల్ ఛార్జ్ కెపాసిటీ (ఇప్పుడు పట్టే ఛార్జ్), డిజైన్ కెపాసిటీ (కొత్తలో పట్టాల్సిన ఛార్జ్)లో సగానికి పడిపోయి ఉంటే బ్యాటరీ మార్చాల్సిందే.