అడుగు వేయని పాపతో అమెరికా ప్రయాణం

కూకట్‌పల్లి నుంచి వచ్చే నెల డల్లాస్‌కు బయలుదేరుతున్న ఒక యువ దంపతులు తమ సందేహాన్ని నా ముందుంచారు. పాపకు 14 నెలలు నిండాయి. మంచం పట్టుకొని లేచి నిలబడుతుంది గానీ చేయి వదిలి అడుగు వేయడం లేదు. పక్క ఫ్లాట్‌లోని బాబు మొదటి పుట్టినరోజుకే నడిచాడు, ఇంట్లో పెద్దవాళ్ళు రోజూ ఏదో ఒక మాట అంటున్నారు, అక్కడికి వెళ్ళాక ఎవరికి చూపించాలో తెలియడం లేదు. అమెరికాలోనే పిల్లల్ని పెంచి, వీలైనప్పుడల్లా హైదరాబాద్ వచ్చి వెళ్ళే నన్ను ఈ మాట చాలామంది తల్లులు అడిగారు కనుక, నాకు తెలిసినంతవరకు వివరంగా చెబుతాను.

ముందుగా మనసు కుదుటపరచుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంతో సహా ఐదు దేశాల పిల్లల ఎదుగుదలను గమనించి 2006లో ప్రకటించిన వివరాల ప్రకారం, ఆరోగ్యంగా ఉన్న పిల్లలు పట్టు లేకుండా నడవడం 8 నెలలు దాటినప్పటి నుంచి 17 నెలలు దాటేవరకు ఎప్పుడైనా మొదలుకావచ్చు. ఇంత వ్యవధి ఉన్నప్పుడు పక్కింటి బాబుతో పోలిక పెట్టి కలత చెందడంలో అర్థం లేదు. నా దృష్టిలో నెలల లెక్క కన్నా వరుస ముఖ్యం. పాప తనంతట తాను లేచి నిలబడుతోందా, సోఫా అంచు పట్టుకొని పక్కకు నడుస్తోందా, కింద పడిన బొమ్మ కోసం ఒక చేత్తో పట్టుకొని వంగి మళ్ళీ నిటారుగా లేస్తోందా అని చూడండి. ఇవి ఒకదాని వెంట ఒకటి వస్తుంటే అడుగులు కూడా వస్తాయి. నెలలు నిండకముందే పుట్టిన పిల్లలకు పుట్టిన తేదీ నుంచి కాక, డాక్టర్లు ఇచ్చిన ప్రసవ తేదీ నుంచి వయసు లెక్కించాలి. పాకకుండా కూర్చునే డేకే పిల్లలు కాస్త ఆలస్యంగా నడుస్తారు. అటువంటి ఇళ్ళలో తల్లో తండ్రో కూడా చిన్నప్పుడు అలాగే డేకి ఉండడం కద్దు.

ఇక ఇంట్లో చేయదగినవి. పాప రెండు చేతులూ పైకెత్తి పట్టుకొని హాలంతా నడిపించడం మన ఇళ్ళలో అందరూ చేసే పని. అలా నడిపించినప్పుడు బరువంతా ముందుకు వాలి, బిడ్డ మునివేళ్ళ మీద నడుస్తుందే తప్ప తన ఒళ్ళు తాను నిలదొక్కుకోవడం నేర్చుకోదు. దానికి బదులు, పాప ఛాతీ ఎత్తుండే దివాన్ దగ్గర ఆమెను నిలబెట్టి, రెండో చివర ఒక స్టీలు గ్లాసు, అందులో చెంచా పెట్టండి. దాన్ని గలగలలాడించడం కోసం అంచు పట్టుకొని అక్కడిదాకా వస్తుంది. ఆ నడక కుదిరాక దివాన్‌కు ఎదురుగా, చేయి చాపితే అందేంత ఎడంలో ఒక కుర్చీ వేయండి. మర్నాడు ఆ ఎడాన్ని ఇంకాస్త పెంచండి. దీని నుంచి దానికి మారేటప్పుడు ఒక్క క్షణం రెండు చేతులూ గాలిలో ఉంటాయి. నడక అక్కడే మొదలవుతుంది. తోడు కావాలనిపిస్తే చేతులు కాదు, వెనుక మోకాళ్ళ మీద కూర్చొని నడుము కింద రెండు వైపులా తేలికగా పట్టుకోండి. పాదాలకు ఏమీ తొడగకండి. పాత ఇళ్ళలోని షాబాద్ బండల మీద పాదం చక్కగా పట్టు దొరకబుచ్చుకునేది. ఇప్పటి నున్నటి టైల్స్ మీద సాక్సులతో నిలబెడితే జారి పడి, బిడ్డ భయపడుతుంది.

అమ్మమ్మ నువ్వుల నూనెతో ఒళ్ళు రుద్దుతానంటే సంతోషంగా రుద్దనివ్వండి, అందులో హాని లేదు. అయితే తాతగారు ఆప్యాయత కొద్దీ రోజంతా చంకన దింపకుండా తిప్పుతుంటే మాత్రం మెల్లగా నచ్చజెప్పాలి. నిలబడి తోసుకుంటూ వెళ్ళే చెక్క మూడు చక్రాల బండి, పెద్దవాళ్ళు పక్కన ఉంటే, మంచిదే. లోపల కూర్చోబెట్టి వదిలేసే చక్రాల వాకర్‌ను మాత్రం ఎవరు బహుమతిగా ఇచ్చినా వాడకండి, సామానులో అసలే పెట్టకండి. మెట్ల మీద నుంచి దొర్లి పిల్లల తలలకు దెబ్బలు తగులుతున్నందున కెనడా 2004లో వాటిని నిషేధించింది. అమెరికాలో కూడా నిషేధించాలని అక్కడి పిల్లల వైద్యుల సంఘం కోరుతోంది. పైగా అది నడకను త్వరపరచదు, ఆలస్యం చేయవచ్చు కూడా.

బయలుదేరేలోగా అడుగులు వేయిస్తే అరిసెలు పోసి పండగ చేద్దామని పెద్దవాళ్ళకు ఉండడం సహజం. ఆ తొందర బిడ్డ మీద పడనివ్వకండి. అరిసెలు డల్లాస్‌లో కూడా దొరుకుతాయి. అక్కడ పొద్దున వేడుక పెట్టుకుంటే ఇక్కడ సాయంత్రం, అందరూ వీడియోలో చూడవచ్చు.

కొన్ని లక్షణాలు ఉంటే మాత్రం ప్రయాణం దాకా కూడా ఆగకండి. ఒక చేయి లేదా ఒక కాలు మాత్రమే ఎక్కువగా వాడడం, ఒళ్ళు బాగా బిగుసుకొని గానీ మరీ మెత్తగా వాలిపోతూ గానీ ఉండడం, ఎప్పుడూ మునివేళ్ళ మీదే నిలబడడం, ఇంతకుముందు చేసిన పనిని మరిచిపోవడం కనిపిస్తే హైదరాబాద్‌లోనే పిల్లల డాక్టర్‌కు చూపించి, ఆయన అభిప్రాయాన్ని రాతపూర్వకంగా తీసుకోండి. ఏ లక్షణమూ లేకపోయినా ప్రసవ సమయపు డిశ్చార్జ్ సమ్మరీ, టీకాల కార్డు చేతి సంచిలోనే ఉంచుకోండి. ఎన్ని వారాలకు పుట్టింది, బరువెంత, ఇంక్యుబేటర్‌లో పెట్టారా అని అక్కడి డాక్టర్ మొదటి రోజే అడుగుతారు.

అక్కడికి చేరాక నిద్రవేళలు మారి, ఇల్లు కొత్తయి, పాప కొన్నాళ్ళు ఉన్నదానికన్నా వెనక్కి తగ్గినట్టు కనిపించవచ్చు. అంతకన్నా పెద్ద ఇబ్బంది, భర్త ఆఫీసుకు వెళ్ళాక తల్లి ఒక్కతే బిడ్డతో, ఇంటి పనితో మిగలడం. వంట ముగిసేదాకా బిడ్డను కుర్చీలో కట్టి చేతికి ఫోన్ ఇవ్వడం అప్పుడే అలవాటవుతుంది. వంటగది కనిపించేలా హాల్లో ఒక మూల ఖాళీ చేసి, పదునైన అంచులు లేకుండా చూసి, అక్కడ నేల మీద వదలండి. అపార్ట్‌మెంట్లలోని కార్పెట్ పడినా దెబ్బ తగలనివ్వదు. కానీ పట్టీలు వదులుగా ఉంటే వాటి మువ్వలు ఆ నూలులో చిక్కుకుంటాయి, తీసివేయండి. పాలు బలమని సీసాలకు సీసాలు పట్టిస్తే అన్నం తినక ఐరన్ తగ్గుతుంది. ఏడాది దాటిన బిడ్డకు రోజుకు అర లీటరు నుంచి ముప్పావు లీటరులోపు చాలు. విటమిన్ డి గురించి కూడా డాక్టర్‌ను అడగండి.

ఇన్సూరెన్స్ మొదలవగానే పిల్లల డాక్టర్‌ను ఎంచుకొని 15వ నెల చూపించుకోవడానికి అపాయింట్‌మెంట్ తీసుకోండి. 18వ నెలలో ఒక ప్రశ్నల పత్రం ఇస్తారు. చిన్నతనంగా ఉంటుందని అన్నిటికీ అవునని గీయకండి. చేయలేనిది చేయలేదనే రాయండి. 18 నెలలకు కూడా ఒంటరిగా నడవకపోతే మీరే గట్టిగా అడగాలి, మగపిల్లల విషయంలో కండరాల స్థితి తెలిపే సీకే రక్తపరీక్ష అవసరమా అని కూడా అడగాలి. ఎదుగుదలలో వెనుకబడిన మూడేళ్ళలోపు పిల్లల కోసం అమెరికాలో ప్రతి రాష్ట్రంలో ప్రభుత్వ సేవ ఉంది. డల్లాస్ ఉన్న టెక్సాస్‌లో దాన్ని ఎర్లీ చైల్డ్‌హుడ్ ఇంటర్వెన్షన్, క్లుప్తంగా ఈసీఐ అంటారు. డాక్టర్ చీటీ లేకుండా తల్లిదండ్రులే ఫోన్ చేయవచ్చు, బిడ్డను పరీక్షించడానికి రుసుము లేదు, అర్హత ఉంటే 45 రోజుల్లోగా ఏం చేయాలో మీతో కూర్చొని నిర్ణయించాలని చట్టం. సాధారణంగా థెరపిస్టులు ఇంటికే వస్తారు. బిడ్డకు ఏదో ముద్ర పడుతుందని మనవాళ్ళు వెనుకాడి, ఆ సేవ అందే వయసు దాటిపోయాక బాధపడడం నేను చూశాను. ఫోన్ చేసినప్పుడు తెలుగు దుబాసీ కావాలని అడగండి, సంకోచించకండి. మీ పాప ఏం చేయగలదో మీ భాషలో చెప్పినంత వివరంగా వేరే భాషలో చెప్పలేరు.