మంచు కురిసే ఊళ్లో స్టేడియానికి కప్పు ఉండాలా?

ప్రశ్న: మా అమ్మాయి, అల్లుడు అమెరికాలో మినియాపోలిస్‌లో ఉంటారు. కిందటి డిసెంబరులో మమ్మల్ని అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్‌కు తీసుకువెళ్లారు. బయట గడ్డకట్టే చలి, స్టేడియం లోపల స్వెట్టరు కూడా అక్కరలేదు. అయితే పక్క రాష్ట్రంలోని గ్రీన్ బే జట్టు ఆరుబయటే ఆడుతుందనీ, అసలైన ఆట అదేననీ మా అల్లుడి వాదన. ఏది సరైనది? (ఒక పాఠకుడు, విజయవాడ)

జవాబు: మీ అల్లుడిగారి వాదనను ఆయన ఉంటున్న ఊరి చరిత్రే కొంత బలపరుస్తుంది, కొంత కాదంటుంది. అక్కడి వైకింగ్స్ జట్టు 1981 వరకు ఆరుబయటే ఆడి, 1982లో మెట్రోడోమ్‌కు మారింది. లోపలి గాలి ఒత్తిడితో ఉబ్బి నిలిచే గుడ్డ కప్పు దానిది. 2010 డిసెంబరులో కురిసిన భారీ మంచు బరువుకు ఆ కప్పు చిరిగి, పేరుకున్న మంచంతా మైదానంలోకి జారిపడింది. న్యూయార్క్ జెయింట్స్‌తో జరగవలసిన మ్యాచ్‌ను డెట్రాయిట్‌కు తరలించక తప్పలేదు. ఇప్పుడు మీరు చూసిన స్టేడియం 2016లో తెరిచినది. మంచు నిలవకుండా దాని కప్పును బాగా ఏటవాలుగా కట్టి, అందులో సగానికి పైగా వెలుతురును లోపలికి రానిచ్చే పారదర్శకమైన ప్లాస్టిక్ పొరను అమర్చారు.

ఆట విషయానికి వస్తే, చలి కన్నా గాలి పెద్ద చిక్కు. దూరంగా విసిరిన బంతినీ, గోల్ కోసం తన్నిన బంతినీ అది పక్కకు నెడుతుంది కనుక, ఈదురుగాలి వీచే రోజున జట్లు బంతిని విసరడం తగ్గించి, చేత పట్టుకుని పరుగెత్తడాన్నే నమ్ముకుంటాయి. కప్పు కింద ఈ లెక్కలు ఉండవు గానీ, ప్రేక్షకుల హోరు బయటికి పోయే దారిలేక, తమ నాయకుడి కేకలు వినబడని విరోధి జట్టు సైగలతోనే ఆట మొదలుపెట్టవలసి వస్తుంది. అంటే కప్పు వేసినంత మాత్రాన ఆట ఇరుపక్షాలకూ సమానమైపోదు. సొంత జట్టుకు దొరికే అనుకూలత ఒక రూపం వదిలి మరో రూపం తీసుకుంటుందంతే.

ఆరుబయటి ఆటను మెచ్చుకునేవారు 1967 డిసెంబరు 31న గ్రీన్ బేలో జరిగిన మ్యాచ్‌ను తప్పక తలుచుకుంటారు. ఆనాడు ఉష్ణోగ్రత మైనస్ 25 డిగ్రీలు. లోహపు ఈలలు పనిచేయక, రెఫరీలు నోటితో అరిచి ఆట నడిపారు. గ్రీన్ బే 21-17తో డల్లాస్‌పై గెలిచింది కనుక అది వీరగాథ అయింది. కొత్త స్టేడియం సిద్ధమయ్యేదాకా వైకింగ్స్ కూడా విశ్వవిద్యాలయం వారి ఆరుబయటి మైదానంలో ఆడారు. 2016 జనవరిలో మైనస్ 21 డిగ్రీల చలిలో, ఆఖరి క్షణాల్లో 27 గజాల నుంచి తన్నిన సులువైన కిక్ గురితప్పి 10-9తో ఓడారు. ఆ చలిని గొప్పగా చెప్పుకునేవారు ఆ ఊళ్లో అంతగా కనబడరు.

అయితే కప్పు వేయాలా వద్దా అన్నది నిజానికి ఆటను బట్టి తేలే విషయం కాదు. లీగ్ సీజనులో ఒక జట్టు సొంత మైదానంలో ఆడేది ఎనిమిదో తొమ్మిదో మ్యాచ్‌లు. మిగిలిన రోజుల్లో ఆ కట్టడం ఏం సంపాదిస్తుందన్నదే అసలు ప్రశ్న. మినియాపోలిస్‌కు 2018లో సూపర్ బౌల్ (అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఫైనల్), 2019లో కళాశాలల బాస్కెట్‌బాల్ ఫైనల్స్ దక్కడం కప్పు చలవే. దాదాపు 110 కోట్ల డాలర్ల ఖర్చులో 49.8 కోట్లు రాష్ట్రమూ నగరమూ భరించాయి కనుక, ఆ మాత్రం వాడకం ఆశించడం న్యాయమే. న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో కొత్త స్టేడియానికి ప్రజాధనం 85 కోట్ల డాలర్లు ఇచ్చి కూడా మైదానాన్ని ఆరుబయటే ఉంచి, ప్రేక్షకుల సీట్లలో చాలా భాగానికి మాత్రం పైన చూరు కల్పించారు. పెద్ద కార్యక్రమాలు తరచుగా రాని ఊళ్లకు ఈ పద్ధతే మేలని నా అభిప్రాయం. లక్ష జనాభా ఉన్న గ్రీన్ బేకు పూర్తి కప్పు మోయలేని భారం. మినియాపోలిస్‌కు మాత్రం కప్పే తగినది. కాబట్టి అల్లుడిగారితో పూర్తిగా ఏకీభవించలేను.

ప్రశ్న: కప్పు కింద నిజమైన పచ్చిక పెరగదా? (అదే పాఠకుడు)

జవాబు: 1965లో హ్యూస్టన్‌లో తెరిచిన ఆస్ట్రోడోమ్‌లో పచ్చిక కోసమే వెలుతురును రానిచ్చే ప్లాస్టిక్ పలకల కప్పు వేశారు. ఆ వెలుగుకు బేస్‌బాల్ ఆటగాళ్లకు పైకి లేచిన బంతి కనబడకపోవడంతో పలకలకు రంగు పూశారు; గడ్డి చచ్చిపోయింది, మరుసటి ఏడు కృత్రిమ పచ్చిక వచ్చింది. ఆరిజోనాలోని గ్లెండేల్‌లో 2006 నుంచి మైదానాన్నే పెద్ద పళ్లెంలో పెంచి, మ్యాచ్ లేని రోజుల్లో పట్టాల మీద ఎండలోకి తోస్తున్నారు. మినియాపోలిస్ ఉన్న మినెసోటా రాష్ట్రపు చలికాలంలో బయటికి తోసినా గడ్డి పెరగదు కాబట్టి అక్కడ కృత్రిమ పచ్చికే పరచారు. నిజమైన గడ్డి కావాలని ఆటగాళ్ల సంఘం పట్టుబడుతున్నా, కప్పు ఎంచుకున్న చలి ఊళ్లకు అది ఇప్పటికీ ఖరీదైన కోరికే.