ముందు పన్ను క్యాప్ రంగు కలవలేదు.. మార్చుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 27. బండి మీద నుంచి పడి పై ముందు పన్ను విరిగితే రూట్ కెనాల్ చేసి సిరామిక్ క్యాప్ వేశారు. క్లినిక్‌లో బాగానే కలిసింది. ఎండలోకి వచ్చినా, ఫొటో దిగినా ఆ ఒక్క పన్నే సున్నం కొట్టినట్టు కనిపిస్తోంది. వచ్చే నెలలో పెళ్లి. చాలా టెన్షన్‌గా ఉంది డాక్టర్ గారూ, ఏం చేయాలి? - ఒక పాఠకురాలు

సమాధానం: కంగారు పడకండి అమ్మా, మార్చుకోవచ్చు. టైమ్ కూడా సరిపోతుంది. తాత్కాలిక సిమెంట్‌తో అతికించి ఉంటే క్యాప్ తీసి, ల్యాబ్‌లో పైపూతతో తెలుపు కొంత తగ్గించవచ్చు. పర్మినెంట్‌గా అతికించేస్తే మాత్రం కోసి తీసి కొత్తది చేయాల్సిందే.

పన్ను రంగులో మూడు అంశాలు చూస్తాం: పసుపా, ఎరుపా, బూడిదా అన్న ఛాయ, ఆ ఛాయ ఎంత చిక్కగా ఉందన్నది, పన్ను ఎంత వెలుగుగా ఉందన్నది. ఛాయ కాస్త అటూ ఇటూ అయినా ఎవరూ పట్టించుకోరు. వెలుగు తేడా మాత్రం ఇట్టే తెలిసిపోతుంది. మీ ఫొటోని ఫోన్‌లో బ్లాక్ అండ్ వైట్‌కి మార్చి చూడండి. అప్పుడూ ఆ పన్ను విడిగా కనిపిస్తే లోపం వెలుగులోనే ఉంది.

క్లినిక్‌లో ఎందుకు కలిసిందంటే, నోరు చాలాసేపు తెరిచి, దూది పెట్టి ఉంచితే పక్క పళ్లు ఆరిపోయి కొంతసేపు తెల్లబడతాయి. అప్పుడు షేడ్ (క్యాప్‌కి సరిపోయే రంగు కొలత) తీసుకున్నా, సరిపోయిందని చూసుకున్నా మోసపోతాం. పైగా సిరామిక్, సహజ పన్ను ఒక లైటు కింద ఒకేలా కనిపించి మరో లైటులో తేడాగా కనిపించవచ్చు.

అందుకే ఈసారి పగటిపూట అపాయింట్‌మెంట్ తీసుకోండి. లిప్‌స్టిక్ వద్దు. పని మొదలెట్టకముందే, పళ్లు తడిగా ఉండగానే, నేరుగా ఎండ పడని కిటికీ దగ్గర షేడ్ చూడమనండి. ల్యాబ్‌కి 'ఏ2' అని షేడ్ నంబరు ఒక్కటే చీటీ రాసి పంపితే చాలదు. పన్ను చిగురు దగ్గర చిక్కగా, అంచు దగ్గర కొంచెం పారదర్శకంగా ఉంటుంది కదా! షేడ్ గైడ్ బిళ్లను (పన్ను రంగు నమూనాను) పక్క పన్ను దగ్గర పెట్టి ఫొటో తీసి పంపాలి. రూట్ కెనాల్ చేసిన పన్ను లోపల నల్లబడినా, మెటల్ పోస్ట్ (క్యాప్‌కి ఆధారంగా వేరులో పెట్టే లోహపు కడ్డీ) ఉన్నా ఆ సంగతీ టెక్నీషియన్‌కి తెలియాలి.

పెళ్లికని పళ్లు బ్లీచింగ్ చేయించుకోవాలనుకుంటే అది ముందే జరగాలి, ఎందుకంటే క్యాప్ బ్లీచ్ అవదు. బ్లీచింగ్ తర్వాత షేడ్ తీయడానికి కనీసం రెండు వారాలు ఆగాలి. మీకున్న సమయంలో ఆ ఆలోచన వద్దనే చెబుతాను.

కొత్త క్యాప్‌ని అతికించే ముందు ఊరికే పెట్టించుకుని, పళ్లు తడిచేసుకుని, అద్దం పట్టుకుని కిటికీ దగ్గర చూసుకోండి. అమ్మనో అక్కనో వెంట తీసుకెళ్లండి. నచ్చకపోతే మొహమాటపడి సరే అనకండి, ల్యాబ్‌కి తిప్పి పంపమనండి.