వాచ్‌లో 122, దవాఖానలో 164: ఏ బీపీ నమ్మాలి?

మీ ఊరి పల్లె దవాఖానలో అమ్మకు బీపీ 164/96 వచ్చిందని, చేతికున్న స్మార్ట్‌వాచ్‌లో మాత్రం పొద్దున చూసినా రాత్రి చూసినా 122/80 దగ్గరే ఉంటోందని, అది చూసి అమ్మ బీపీ గోలీలు ఆపేసిందని అడిగారు. అనుమానించాల్సింది వాచ్‌నే. గాలి నింపి చేతిని బిగించే పట్టీ దానికి లేదు. వెనక ఉన్న ఆకుపచ్చ లైటుతో నాడి చూసి మిగతాది అంచనా వేస్తుంది, అంతే.

1. తువ్వాలు చుట్టకు వాచ్ కట్టి బీపీ నొక్కండి. తువ్వాలుకూ బీపీ వస్తే ఇక చెప్పేదేముంది!

2. చాలామంది వదిలేసేది ఇదే: క్యాలిబ్రేషన్. భుజం దగ్గర కట్టే మిషన్‌తో ముందు బీపీ కొలిచి ఆ అంకెలు యాప్‌లో వేయాలి, శాంసంగ్ వాచ్‌లకైతే 28 రోజులకోసారి మళ్లీ వేయాలి. మీ యాప్‌లో ఆ ఆప్షనే లేకపోతే వాచ్ బీపీని పూర్తిగా మర్చిపోండి, టైమ్ చూసుకోవడానికి పనికొస్తుంది.

3. మిషన్‌తో కొలిచేటప్పుడు టీ తాగి అరగంట కావాలి. ఐదు నిమిషాలు వెన్ను ఆనించి కూర్చోబెట్టి, పాదాలు నేల మీద, చేయి గుండె ఎత్తులో బల్ల మీద పెట్టించండి. మాట్లాడనివ్వొద్దు. నిమిషం ఆగి రెండోసారి చూసి, రెండూ రాసుకోండి.

వాచ్ చూసి అమ్మ గోలీలు ఆపేసిందన్నారు కదా, ఈరోజే డాక్టర్‌ను అడిగి మళ్లీ మొదలుపెట్టించండి. ఛాతీ నొప్పి, మాట తడబాటు ఉంటే ఆలోచించకుండా 108కి ఫోన్ చేయండి.

సూది గుచ్చకుండా షుగర్ చూపిస్తానన్న వాచ్‌లనూ నమ్మొద్దు, అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2024లోనే వాటిని వాడొద్దని హెచ్చరించింది.