ఆడిటర్ ఆఫీసు అనుభవాన్ని రెజ్యూమెలో ఎలా రాయాలి?

మీరు బీకాం తర్వాత గుంటూరులో ఒక ఆడిటర్ గారి దగ్గర రెండేళ్లు పనిచేశానని, హైదరాబాద్‌లో అకౌంటెంట్ ఉద్యోగాలకు నలభై దరఖాస్తులు పంపినా ఒక్క ఫోనూ రాలేదని రాశారు. 2018లో నాదీ ఇదే పరిస్థితి. నేను విజయవాడలో ఆడిటర్ ఆఫీసులో చేసేవాణ్ని.

నా రెజ్యూమె అప్పట్లో మూడు పేజీలుండేది. పైన జీవిత లక్ష్యం, కింద పదో తరగతి మార్కులు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, అభిరుచులు, చివర ‘పై వివరాలన్నీ నిజమని ధ్రువీకరిస్తున్నాను’ అనే ప్రకటన. చేసిన పనికి మాత్రం దక్కింది ఒకే వాక్యం: ‘ట్యాలీ, జీఎస్‌టీ, టీడీఎస్ తెలుసు.’ (ట్యాలీ లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్; టీడీఎస్ అంటే డబ్బు చెల్లించేటప్పుడే మినహాయించే పన్ను.) మా ఆఫీసులో సీనియర్ ఒకాయన అది చదివి, "ప్రతి నెలా జీఎస్‌టీ గడువు 20వ తేదీ దగ్గర పడితే రాత్రి తొమ్మిది దాకా కూర్చుని చేస్తున్న పని ఇందులో ఎక్కడుంది?" అని అడిగారు. ఆ రాత్రే మొత్తం తిరగరాశాను.

కొత్తదానిలో ఇలా ఉంది: ‘22 మంది వ్యాపారుల జీఎస్‌టీఆర్-1, 3బీ రిటర్నులు నెలనెలా దాఖలు చేశాను. కొనుగోలు బిల్లులను 2ఏతో సరిపోల్చి, తేడాలున్న చోట సరఫరాదారులతో మాట్లాడి సరిచేయించాను. మూడు నెలలకొకసారి 24క్యూ, 26క్యూ టీడీఎస్ రిటర్నులు తయారుచేశాను.’ జీఎస్‌టీఆర్-1 అంటే అమ్మకాల వివరాల రిటర్ను, 3బీ అంటే పన్ను లెక్క చూపి కట్టే రిటర్ను, 2ఏ అంటే సరఫరాదారులు చూపిన బిల్లులతో జీఎస్‌టీ పోర్టల్‌లో కనిపించే కొనుగోళ్ల జాబితా; 24క్యూ జీతాలపై, 26క్యూ ఇతర చెల్లింపులపై టీడీఎస్ రిటర్నులు. ఇప్పుడైతే 2ఏ బదులు, అలాంటిదే అయిన 2బీ అని రాయాలి. ఒక పేజీ సరిపోయింది.

ఖాతాదారుల పేర్లు రాయకండి, అది వారి రహస్యం. ఎలాంటి వ్యాపారాలో చెప్పండి చాలు. మీది గుంటూరు కాబట్టి మిర్చి కమీషన్ దుకాణాలు, కోల్డ్ స్టోరేజీల లెక్కలు చూసే ఉంటారు. సరుకు వ్యాపారం చేసే కంపెనీకి ఆ ఒక్క ముక్క ఎంతో విలువైనది. ఆడిట్‌లో సాయపడితే ‘సాయపడ్డాను’ అనే రాయండి. ఇప్పుడు నేనే రెజ్యూమెలు చదువుతున్నాను. ‘చేశాను’ అన్న ప్రతిదాని గురించీ ఇంటర్వ్యూలో అడుగుతాను, సాయం చేశానన్నవారిని ఎన్నడూ తక్కువగా చూడలేదు.

ఇక కవర్ లెటర్. నాకొచ్చే దరఖాస్తుల్లో చాలావాటికి ఈ-మెయిల్ ఖాళీగా ఉంటుంది, రెజ్యూమె మాత్రం జతచేసి ఉంటుంది. ఇది చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది, ఎందుకంటే మనిషి మాట వినిపించే చోటు అదొక్కటే. విడిగా ఫైలు అక్కర్లేదు, ఈ-మెయిల్‌లోనే పది పన్నెండు వాక్యాలు రాయండి. ప్రకటనలో వాళ్లు అడిగిన ఒక పనిని పట్టుకుని, దానికి మీ అనుభవంతో జవాబివ్వండి. నేను దరఖాస్తు చేసిన కంపెనీ బ్యాంకు రీకన్సిలియేషన్ (పుస్తకాల్లోని లెక్కను బ్యాంకు స్టేట్‌మెంట్‌తో సరిపోల్చడం) తెలిసినవారు కావాలంది. ఆరు నెలలుగా బ్యాంకు నిల్వతో కలవని ఒక మందుల పంపిణీదారు ఖాతా గురించి రాశాను: తిరిగొచ్చిన చెక్కులను పుస్తకాల్లో రద్దు చేయకపోవడమే తేడాకు కారణమని ఎలా కనిపెట్టానో నాలుగు వాక్యాల్లో చెప్పాను. మూడో రోజు ఫోను వచ్చింది. ఇంటర్వ్యూలో సగం సేపు ఆ చెక్కుల గురించే మాట్లాడుకున్నాం.

చివర్లో ఎప్పటి నుంచి చేరగలరో తప్పక రాయండి. పని ఒత్తిడి ఎక్కువుండే మార్చి, సెప్టెంబరు నెలల్లో ఆడిటర్ గారు వెంటనే వదలకపోవచ్చు, ముందే మాట్లాడుకోండి.

పేర్లు, ఫోను నంబరు లేకుండా మీరు నెలలో చేసే పనులన్నీ ఇక్కడ రాయండి. రెజ్యూమె వాక్యాలుగా ఎలా మార్చాలో ఒక్కొక్కటీ చెబుతాను.