నాన్నని నీ దగ్గరికి తెచ్చుకుంటున్నావట

చిరంజీవి అమ్ములుకి అత్తయ్య దీవెనలు.

గుండె జబ్బుతో ఆస్పత్రిలో చేరిన నాన్నని అక్కణ్నుంచి నేరుగా బెజవాడలో మీ ఇంటికే తీసుకెళ్తున్నావని చిన్నాన్న ఫోన్ చేశాడు. వదిన ఉంటే ఎంత మురిసిపోయేదో! నాకైతే కళ్లు చెమర్చాయి, ఆ వెనకే గుబులు పట్టుకుంది. రాత్రంతా నిద్ర లేదు.

మాత్రలు వేళకి వెయ్యి. మెట్లు మెల్లగా ఎక్కించు. ఇవి నీకు చెప్పక్కర్లేదు. చెప్పాల్సింది దగ్గు సంగతి.

మీ తాతయ్య గుంటూరు మిర్చి యార్డులో గుమస్తా. సీజన్లో ఆయన ఇంటికొచ్చి చొక్కా విప్పితే మేమంతా తుమ్మేవాళ్లం. అలాంటి మనిషికి దగ్గొస్తే ఏమనుకుంటారు? మిరప ఘాటేనని ఆయనే తేల్చేశాడు, వీధి చివర ఆర్ఎంపీ ఔనన్నాడు. ఉబ్బసం బిళ్లలు, దగ్గుమందు సీసాలు, మిరియాల కషాయం. వేసవిలో యార్డుకి సెలవులిచ్చినా దగ్గు తగ్గలేదు, ఆ ముక్క ఎవరికీ తట్టలేదు. పగలు బాగానే ఉండేవాడు. పడుకున్న గంటకో రెండు గంటలకో ఉలిక్కిపడి లేచి, కిటికీ ఊచలు పట్టుకుని గాలి కోసం ఆరాటపడేవాడు. ఛాతీలో పిల్లికూతలు. దిండు ఒకటి రెండయింది, రెండు మూడయ్యాయి, చివరికి పడక్కుర్చీలోనే నిద్ర. సాయంత్రానికి చెప్పుల పట్టీలు పాదాల్లో దిగబడి అచ్చులు పడేవి. అమ్మ వాటిమీద కొబ్బరినూనె రాసేది.

ఒక రాత్రి నోటి వెంట గులాబీ రంగు నురగ వచ్చింది. రిక్షాలో పెద్దాసుపత్రికి పరిగెత్తాం. డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు మెడ నరాలు చూశాడు, చీలమండ నొక్కాడు. వేలు తీసినా గుంట అలాగే ఉంది. "ఊపిరితిత్తులది కాదమ్మా, గుండె జబ్బు" అన్నాడు. నరానికి ఇంజెక్షన్ ఇచ్చాక మూత్రం ధారాళంగా వచ్చి, తెల్లారేసరికి ఆయాసం దిగింది. కానీ అప్పటికే గుండె బాగా పాడయింది. మరుసటి సంక్రాంతికి మా నాన్న లేడు.

గుండె ఎడమ భాగం రక్తాన్ని సరిగా ముందుకి తోయలేకపోతే, బ్యారేజీ గేట్లు దించినప్పుడు కృష్ణ వెనక్కి నిండినట్టు, ఊపిరితిత్తుల నరాల్లో రక్తం నిలిచి ఒత్తిడి పెరుగుతుంది. నీరు గాలి తిత్తుల్లోకి ఊరుతుంది. ఊపిరితిత్తులు బిరుసెక్కి నిండా గాలి పట్టవు. గాలి గొట్టాల లోపలి పొర వాచి దారి సన్నబడుతుంది, పిల్లికూతలు అందుకే. పడుకుంటే కాళ్లలో చేరిన నీరు కూడా రక్తంలోకొచ్చి గుండె మీద పడుతుంది. దీన్నే కార్డియాక్ ఆస్తమా అంటారు. పేరుకే ఆస్తమా.

మీ నాన్న ఏళ్ల తరబడి సిగరెట్లు కాల్చాడు కాబట్టి వాడికి గుండె జబ్బూ, ఊపిరితిత్తుల జబ్బూ రెండూ ఉండొచ్చు. గుండెకి తీసే ఎకో స్కాను, ఎక్స్‌రే, గుండె మీద భారం తెలిపే బీఎన్‌పీ రక్తపరీక్ష చూసి డాక్టరే తేల్చాలి. ఇన్‌హేలర్ నీ అంతట నువ్వు పెంచకు, ఆపకు. గుండెకిచ్చే మాత్రల్లో పేరు చివర 'ప్రిల్' అని ఉండేవాటితో కొందరికి పొడిదగ్గు వస్తుంది. డాక్టరుకి చెబితే మారుస్తారు, నువ్వు మాన్పించకు.

బరువు చూసే మిషను కొను. రోజూ పొద్దున్నే బాత్రూంకి వెళ్లొచ్చాక, టిఫినుకి ముందు చూసి క్యాలెండర్ మీద రాయి. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది ఒళ్లు కాదు, నీరు. ఆ రోజే డాక్టరుకి ఫోన్ చెయ్యి. ఆవకాయ, ఊరమిరపకాయలు, అప్పడాలు వాడి కంట పడనివ్వకు. అలిగితే నాకు ఫోన్ కలుపు, చిన్నప్పుడూ నా మాటే వినేవాడు. మోకాళ్ల నొప్పులకి షాపులో అడిగి బిళ్లలు తేవద్దు, వాటిలో చాలావరకు ఒంట్లో నీరు పట్టిస్తాయి.

నీ మంచం వాడి గదిలోనే వేసుకో. ఇది మాత్రం నా మాట కాదనకు. ఇంకో దిండు అడిగాడంటే తెల్లారగానే డాక్టరుకి చెప్పు. ఊపిరి అందక లేచాడంటే మళ్లీ పడుకోబెట్టకు. కాళ్లు కిందికి వేలాడేసి కూర్చోబెట్టి 108కి చెయ్యి. పొద్దున చూద్దాంలే అన్నావో, నీ మీద కోపమొస్తుంది నాకు.

నువ్వు వేళకి తింటున్నావా? ఆదివారం మొదటి బస్సుకి వస్తున్నాను, నాలుగు రోజులుంటాను. ఆ రాత్రులు వాడిని నేను చూసుకుంటా, నువ్వు పక్క గదిలో హాయిగా పడుకో తల్లీ.

మీ అత్తయ్య